చిల్లు సైజు ముందు తేల్చండి: అంతరిక్ష కేంద్రం ఎపిసోడ్‌లో గాలి లెక్క, హామ్ రేడియో లెక్క

గుంటూరు నుంచి మీరు అడిగింది ఇది. టీవీ సిరీస్‌లో 40 నిమిషాల ఎపిసోడ్. 400 కిలోమీటర్ల ఎత్తులో మన అంతరిక్ష కేంద్రం. ఏదో శకలం తగిలి గోడకు చిల్లు పడుతుంది. గాలి వేగానికి ఒక వ్యోమగామి కొట్టుకుపోయి, బయటపడి, శరీరం పేలి చనిపోతాడు. కథానాయిక రెండు నిమిషాల్లో సూటు తొడుక్కుని బయటికెళ్లి, బయట నుంచే అతుకు వేస్తుంది. విజయవాడ సత్యనారాయణపురంలో డాబా మీద కూర్చున్న ఆమె తండ్రి ఆ 40 నిమిషాలూ హామ్ రేడియోలో (సరదాకి నేర్చుకుని లైసెన్సుతో నడిపే సొంత రేడియో) ఆమెతో మాట్లాడుతూనే ఉంటాడు. చివర్లో అర్ధరాత్రి స్టేషన్ ఇంద్రకీలాద్రి మీదుగా చుక్కలా సాగిపోతుంది. ఇందులో ఎంత నిలబడుతుంది, ఎంత మార్చాలి అన్నారు.

కథ నిలబడుతుంది. తండ్రి రేడియో ఆలోచన చాలా బాగుంది, దాన్ని వదలకండి. మార్చాల్సింది మొదట చిల్లు. అది ఎంతుందో మీ స్క్రిప్టులో ఎక్కడా లేదు. అది లేకపోతే ఎవరికి ఎంత సమయం ఉందో మీకూ తెలియదు, మీ పాత్రలకూ తెలియదు. చిల్లు వ్యాసం రాసుకున్న మరుక్షణం ఎపిసోడ్‌కి గడియారం దొరుకుతుంది.

లెక్క కష్టమేమీ కాదు. గది ఉష్ణోగ్రతలో ఉన్న గాలి శూన్యంలోకి పోతుంటే, చిల్లు వైశాల్యాన్ని సెకనుకు 200 మీటర్ల వేగంతో హెచ్చిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి పోతుందో వస్తుంది. గది ఘనపరిమాణాన్ని ఆ సంఖ్యతో భాగించండి. వచ్చిన సెకన్లే మీ కొలబద్ద. అంతసేపటికి పీడనం మొదటి దాంట్లో 37 శాతానికి పడుతుంది. సగానికి పడటానికి అందులో 69 శాతం సమయం చాలు. లోపల పీడనం తగ్గేకొద్దీ పోయే గాలి బరువు కూడా తగ్గుతుంది కాబట్టి పతనం మొదట్లో జోరుగా, పోనుపోను నెమ్మదిగా ఉంటుంది.

మీ మాడ్యూల్‌ని, అంటే కేంద్రంలో ఆ ఒక్క గదిని, 60 ఘనపు మీటర్లు అనుకుందాం. 20 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 10 అడుగుల కప్పు ఉన్న హాలు అంత. అందులో 2 మిల్లీమీటర్ల చిల్లు పడితే పీడనం సగానికి రావడానికి 18 గంటలు పడుతుంది. అది ఎపిసోడ్ కాదు, డ్యూటీ మారేలోపు చూసుకునే పని. 10 సెంటీమీటర్ల చిల్లు అయితే 26 సెకన్లు, ఎవరూ ఏమీ చేయలేరు. ఒక సెంటీమీటరు చిల్లు మీకు కావలసింది: సెకనుకు దాదాపు 16 లీటర్లు పోతుంది, 44 నిమిషాలకు సగం. మీ ఎపిసోడ్ నిడివికి ఇంచుమించు సరిపోయింది. చిల్లు అంచులు గరుకుగా ఉంటే ప్రవాహం కొంత తగ్గి ఈ సమయాలు పెరుగుతాయి. ఆ మేరకు మీరు ముందుకో వెనక్కో జరుపుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు.

ఈ లెక్కకు ఒక నిజమైన తోడు ఉంది. 2018 ఆగస్టు చివర్లో ఐఎస్ఎస్‌కి (అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి) అతుక్కుని ఉన్న సోయజ్ ఎంఎస్-09 నౌకలో సుమారు 2 మిల్లీమీటర్ల చిల్లు బయటపడింది. స్టేషన్ మొత్తం గాలి 900 ఘనపు మీటర్ల పైచిలుకు. పై సూత్రంలో వేస్తే కొలబద్ద 17 రోజుల దగ్గర తేలుతుంది. అందుకే అక్కడ ఎవరూ పరుగులు పెట్టలేదు. ముందు కాప్టన్ అనే గట్టి టేపు వేశారు, తర్వాత ఎపాక్సీలో (గట్టిపడే జిగురులో) తడిపిన గుడ్డతో మూసేశారు.

ఇప్పుడు మనిషి కొట్టుకుపోయే సీను. దాన్ని తీసేయండి. సెంటీమీటరు చిల్లు మీద గాలి తోసే బలం 800 గ్రాముల బరువుతో సమానం. వేలు పెట్టి ఆపొచ్చు, వేలి చర్మం లోపలికి లాగినట్టై కందుతుంది. గాలి వేగం చిల్లు గొంతులో మాత్రమే శబ్ద వేగం. ఐదు సెంటీమీటర్ల అవతల సెకనుకు ఒక మీటరు, 10 సెంటీమీటర్ల అవతల పావు మీటరు. ఫ్యాను గాలి అంతకంటే గట్టిగా తగులుతుంది. మూరెడు దూరంలో నిలబడ్డ మనిషికి ఏమీ తెలియదు.

దానికి బదులు ఇంకా మంచి దృశ్యం ఉంది. బరువు లేని చోట అంత చిన్న గాలి కూడా తేలికైన వస్తువులను మెల్లగా తనవైపు తీసుకుపోతుంది. 2020లో ఐఎస్ఎస్‌లోని జ్వెజ్దా మాడ్యూల్‌లో ఎక్కడ లీకవుతోందో తెలియక, రష్యన్ వ్యోమగాములు టీ ఆకు పొడిని గాలిలో వదిలి, అది ఎటు పోతోందో కెమెరాల్లో చూసి చీలికను పట్టుకున్నారు. మీ కథానాయిక కూడా టీ పొట్లం చింపి వదలాలి. కెమెరాను ఆ పొడికి దగ్గరగా పెట్టండి. ముందు రేణువులు ఎటూ కదలకుండా వేలాడతాయి. కొన్ని మెల్లగా ఒక వైపు వాలతాయి. తర్వాత పరికరాలు అమర్చిన ర్యాకు పక్క సందులోకి ఒక సన్నని వరసగా సాగి, చివర ఒక్కసారిగా మాయమవుతాయి. ఆ ఒక్క షాటు కోసం ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టి చూస్తాడు.

ర్యాకు పక్క సందు అన్నది ఊరికే కాదు. అంతరిక్ష కేంద్రంలో గోడ కనపడదు. దాని ముందు పరికరాలు, వైర్లు, గొట్టాలు, సామాను సంచులు. చిల్లు ఉన్న సంగతి ఒక నిమిషంలో తెలుస్తుంది. చెవులు దిబ్బడ వేస్తాయి, అలారం మోగుతుంది. చిల్లు ఉన్న చోటు తెలియడానికే అరగంట పట్టొచ్చు. మీ ఎపిసోడ్‌లో ఎక్కువ సమయం పోవాల్సింది వెతకడంలో, సామాను పీకి పక్కన పెట్టడంలో. ఇక్కడ సెట్ డిజైనర్‌కి పని ఉంది. నున్నటి తెల్ల గోడలు కట్టకండి, కట్టిన ర్యాకులు నిజంగా ఊడి రావాలి.

ఐఎస్ఎస్‌లో పద్ధతి ఏమిటంటే, ముందు మిగిలి ఉన్న సమయం లెక్క కడతారు. పీడనం 490 మిల్లీమీటర్ల పాదరసానికి పడేలోపు ఎన్ని నిమిషాలు అన్నదే ఆ లెక్క. చేతిలో పీడన మాపకం, స్టాప్‌వాచ్. మీ చిల్లుకి మొదటి నిమిషంలో, మామూలు పీడనమైన 760 నుంచి 748కి పడుతుంది. కథానాయిక ఇలా అనొచ్చు: "నిమిషానికి పన్నెండు. 760ని పన్నెండుతో భాగిస్తే 63. 490కి రావడానికి అందులో 44 శాతం. ఇరవై ఎనిమిది నిమిషాలు." ఇందులో ప్రతి అంకె నిజం. నటికి ఈ వాక్యాన్ని తొందర లేకుండా చెప్పమనండి, శిక్షణ పొందినవాళ్లు అలాగే చెబుతారు. ఆ తర్వాత ఒక్కో ద్వారం మూసి పీడనం ఏ గదిలో పడుతోందో చూస్తారు. లీకున్న గది దొరికితే దాని తలుపు మూసి వదిలేయడం, లేదంటే తిరుగు నౌకలోకి వెళ్లిపోవడం.

అందుకే మీ ప్రేక్షకుల్లో తెలివైనవాళ్లు "తలుపు మూసి వచ్చేయొచ్చుగా" అని తప్పకుండా అడుగుతారు. దానికి స్క్రిప్టులో జవాబు ఉండాలి. నాకు తోచినవి రెండు. ఒకటి, తిరుగు నౌక లీకున్న మాడ్యూల్ చివరే అతికి ఉండటం. ఇక మూసుకుంటే ఇంటికి దారి పోయినట్టే. రెండోది చరిత్రలో జరిగింది. 1997 జూన్ 25న రష్యా వాళ్ల మిర్ అంతరిక్ష కేంద్రాన్ని ప్రోగ్రెస్ సరకు నౌక గుద్దింది. స్పెక్టర్ మాడ్యూల్ లీకైంది. దాని ద్వారం గుండా కేబుళ్లు పోతుండటంతో తలుపు పడలేదు. సిబ్బంది గబగబా ఆ కేబుళ్లను విప్పి, విప్పలేని వాటిని కోసి, మూత వేశారు. ప్రాణాలు దక్కాయి గానీ ఆ మాడ్యూల్ సౌర పలకల నుంచి వచ్చే కరెంటు తెగిపోయి స్టేషన్ చీకట్లో పడింది. తలుపు గుండా కేబులు పోవడం ఎంత మామూలు విషయం! మొదటి సీనులోనే ఎవరో ఆ కేబులుని దాటుకుంటూ వెళ్లేట్టు చూపించండి.

చిల్లు పడటం గురించి. సెంటీమీటరు అల్యూమినియం గుండు బరువు గ్రామున్నర లోపే. సెకనుకు 10 కిలోమీటర్ల సాపేక్ష వేగంతో వస్తే దాని శక్తి 70 వేల జౌల్స్. జనంతో కలిపి 700 కిలోలున్న ఆటో బెంజ్ సర్కిల్ దగ్గర 50 కిలోమీటర్ల వేగంతో గుద్దినంత. బయట ఉండే కవచం పొరలు చాలా భాగం పీల్చేస్తాయి, మిగిలింది గోడను చీలుస్తుంది. లోపల ఉన్నవాళ్లకు ఒక తెల్లని మెరుపు, సుత్తి దెబ్బ లాంటి చప్పుడు, సన్నని లోహపు తునకలు. బయటి షాటులో శబ్దం పెట్టకండి. దూసుకొచ్చే రాయిని కూడా చూపించకండి, ఆ వేగంలో కంటికి ఆనదు.

చిల్లు ఆకారం ముఖ్యం. పాల డబ్బా మూతకు బయట నుంచి మేకు దించి, లోపలి వైపు తిప్పి చూడండి. అంచులు పువ్వు రేకుల్లా లోపలికి లేచి ఉంటాయి, వేలికి గుచ్చుకుంటాయి. శకలం బయట నుంచి వస్తుంది కాబట్టి గోడకీ అంతే. దీనివల్ల మీ అతుకు సీను మారుతుంది. చదునైన రేకు ముక్క దాని మీద కూర్చోదు, రేకుల సందుల్లోంచి ఈల వేస్తూ గాలి పోతూనే ఉంటుంది. టేపు చిరుగుతుంది. ఎపాక్సీ ముద్ద నేరుగా కుక్కితే గట్టిపడక ముందే గాలి దాన్ని బయటికి తోసేస్తుంది, మధ్యలో సొరంగం మిగులుతుంది. ఈ మూడూ వరసగా విఫలం కావడం చూపించండి, ఎందుకు విఫలమయ్యాయో కళ్లకే తెలుస్తుంది.

నాలుగోసారి పని చేసేది: చిల్లు మీద గిన్నె బోర్లించడం. పది సెంటీమీటర్ల వెడల్పున్న గట్టి లోహపు మూత, అంచుకి కుక్కర్ గాస్కెట్ లాంటి రబ్బరు, చుట్టూ పుట్టీ. లోపలి పీడనం సాధారణంలో 70 శాతం ఉన్నప్పుడు ఆ మూత మీద 55 కిలోల బరువు పడుతుంది. అదే నొక్కి బిగిస్తుంది. ప్లాస్టిక్ కప్పు అయితే నలిగిపోతుంది, ఆ సంగతి కూడా ఒకసారి చూపించొచ్చు. గోడ తడిగా ఉంటే ఏదీ అంటుకోదు, ముందు గుడ్డతో తుడవాలి. పుట్టీ పూర్తిగా గట్టిపడటానికి గంటలు పట్టినా పరవాలేదు, పీడనమే పట్టి ఉంచుతుంది. అతుకు లోపలి నుంచే ఎందుకు వేయాలో దీంతో తెలిసింది కదా. బయట నుంచి వేస్తే అదే పీడనం దాన్ని ఊడదోస్తుంది.

బయటికెళ్లే సీను ఎలాగూ కుదరదు. స్పేస్‌వాక్ సూటులో పీడనం మామూలు గాలిలో ఇంచుమించు మూడో వంతే ఉంటుంది. ముందుగా స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చి రక్తంలోని నైట్రోజన్‌ని వదిలించుకోకుండా అందులోకి దూరితే, లోతు నుంచి ఒక్కసారిగా పైకొచ్చిన ఈతగాడికి వచ్చే కీళ్ల నొప్పులూ పక్షవాతమూ రావొచ్చు. ఆ సిద్ధం కావడానికే గంటలు. రెండు నిమిషాల సూటు ఎక్కడా లేదు.

సిలిండర్ తెరిచి గాలి నింపుతూ ఉండొచ్చు కదా అని మీ సహాయ రచయితలు అనొచ్చు. ఆసుపత్రుల్లో వాడే 7 ఘనపు మీటర్ల జంబో సిలిండర్ ఈ చిల్లుని ఏడున్నర నిమిషాలే మేపుతుంది. ఒకటి రెండు తెరిచి కొంచెం సమయం కొనుక్కోవడం మంచి సీనే. కాకపోతే స్వచ్ఛమైన ఆక్సిజన్ వదిలితే చిన్న నిప్పురవ్వకే మంట లేస్తుంది. ఎవరో ఒకరు ఆ హెచ్చరిక చేయాలి.

మనుషులకు ఏమవుతుందన్నది నెమ్మదిగా చూపించండి. చిల్లు పడిన 23 నిమిషాలకు 3,000 మీటర్ల కొండ మీద ఉన్నట్టు, 44కి 5,500 మీటర్లు, 64కి 7,600 మీటర్లు. ఆ చివరి ఎత్తులో మాస్కు లేకుండా పనికొచ్చే స్పృహ మూడు నుంచి ఐదు నిమిషాలు. ఆక్సిజన్ తగ్గినవాడికి తనకు ఏదో అవుతోందని తెలియదు, అదే ప్రమాదం. హుషారుగా ఉంటాడు, నవ్వుతాడు, చిన్న లెక్క తప్పుతాడు. లాగ్ పుస్తకంలో పీడనం అంకెలు రాసే చేతిని దగ్గరగా చూపించండి. 620 గుండ్రంగా, 540 కాస్త ఏటవాలుగా, 470 గీత దాటి కిందికి. గోళ్లు నీలంగా. అతను మాత్రం "నేను బాగానే ఉన్నా" అంటుంటాడు.

పేలిపోయే శరీరం కూడా వద్దు. చర్మం గట్టిది, పేలదు. 1966లో హ్యూస్టన్‌లో శూన్యపు గదిలో సూటు పరీక్షిస్తుండగా గొట్టం ఊడి జిమ్ లెబ్లాంక్ అనే సాంకేతిక నిపుణుడు దాదాపు శూన్యానికి గురయ్యారు. 14 సెకన్లలో స్పృహ తప్పారు. నాలుక మీద ఉమ్మి మరుగుతున్నట్టు అనిపించడం ఆయనకు చివరి జ్ఞాపకం. గదిలో గాలి నింపగానే కోలుకున్నారు. శూన్యంలో ఒళ్లు ఉబ్బుతుంది, ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులు చిరుగుతాయి, వెంటనే గడ్డకట్టడం ఉండదు. శూన్యం ఫ్లాస్కు లాంటిది, వేడి మెల్లగానే పోతుంది. చావు తప్పనిసరైతే దాన్ని గౌరవంగా రాయండి. 1971 జూన్ 30న సోయజ్ 11 తిరిగొస్తుండగా కవాటం తెరుచుకుని ముగ్గురు చనిపోయారు. సూట్లు లేవు. నౌక మామూలుగానే దిగింది, తలుపు తీసేదాకా కింద ఎవరికీ తెలియదు.

ఇక తండ్రి రేడియో. 400 కిలోమీటర్ల ఎత్తులో స్టేషన్ వేగం సెకనుకు 7.7 కిలోమీటర్ల దగ్గర. విజయవాడ నుంచి గుంటూరు దూరం నాలుగైదు సెకన్లు. ఈ వేగంలో ఒక చోటి నుంచి అది దిగంతం మీద ఉండేది మహా అయితే పది నిమిషాలు, మాట స్పష్టంగా అందేది ఏడెనిమిది. మళ్లీ కనపడటానికి గంటన్నర. అంటే 40 నిమిషాల సంభాషణ అసాధ్యం. కానీ దీన్ని లోపంగా తీసుకోకండి. మీ ఎపిసోడ్ మొత్తం ఈ ఎడంలోనే కూర్చుంటుంది.

డిసెంబరు సాయంత్రం 5:30కి మొదటి పాస్ (స్టేషన్ ఒకసారి ఆకాశాన్ని దాటడం) మొదలవుతుంది, తూర్పు వైపు ఆకాశంలో, దిగంతానికి మహా అయితే 18 డిగ్రీల ఎత్తున. తండ్రీ కూతుళ్లు మామూలు మాటలు మాట్లాడుకుంటారు. 5:38కి, స్టేషన్ దిగంతం కిందికి జారుతుండగా, మెరుపు, అలారం. ఆయనకు అలారం సగం వినపడి సిగ్నల్ పోతుంది. సిగ్నల్ పోయింది దిగంతం వల్లా, ప్రమాదం వల్లా? ఆయనకు తెలియదు. 6:06కి 490. 6:22కి సగం గాలి. ఆమె మూత వేయాల్సింది ఈ మధ్యలో. డాబా మీద ఆయన చేయగలిగింది ఏమీ లేదు. కింద వంటింట్లో తల్లి టీ పెట్టి పిలుస్తుంది. 7:03కి రెండో పాస్, ఈసారి పడమర వైపు. బెంగళూరులోని కంట్రోల్ సెంటర్ మాత్రం రిలే ఉపగ్రహం ద్వారా ఆ సమయమంతా మాట్లాడుతూనే ఉంటుంది. ఆ సంభాషణలో ప్రతి జవాబుకూ అరసెకను ఆలస్యం పెట్టండి, తండ్రి రేడియోలో ఆలస్యం పెట్టకండి.

వస్తువులు: చేతిలో పట్టే 5 వాట్ల రేడియో, ఇంచీల టేపు ముక్కలు పీవీసీ పైపుకి బిగించిన మూడు కడ్డీల యాగీ యాంటెన్నా (ఒక దిక్కుకే గురిపెట్టేది). పొడవైన కడ్డీ 105 సెంటీమీటర్లు, ముందుది 90 లోపు. ఐఎస్ఎస్ నుంచి మాట వచ్చేది 145.800 మెగాహెర్ట్జ్ మీద, మన ప్రాంతం నుంచి పైకి పంపేది 144.490 మీద. మీ స్టేషన్‌కీ అవే వాడుకోవచ్చు. స్టేషన్ దగ్గరికొచ్చేటప్పుడు దాని వేగం వల్ల (డాప్లర్ ప్రభావం) ఫ్రీక్వెన్సీ 3 కిలోహెర్ట్జ్ పైచిలుకు ఎక్కువలో ఉంటుంది, దూరమయ్యేటప్పుడు అంత తక్కువలో ఉంటుంది కాబట్టి ఆయన 145.805తో మొదలుపెట్టి, మధ్యలో 145.800కి, చివర 145.795కి మెట్టు దించుతాడు. ఆ బటన్ నొక్కడం తెలిసినవాడి చేయి అని చెప్పకనే చెబుతుంది. ఆయన గోడ మీద లైసెన్సు కాగితం కనపడాలి, పరీక్ష రాసి లైసెన్సు తీసుకోకుండా ప్రసారం చేయకూడదు. పిలుపు పేరు వీయూ2 లేదా వీయూ3తో మొదలవ్వాలి, మిగతా అక్షరాలు ఇంకెవరికీ లేనివని సరిచూసుకోండి. ఇది ఊహే కదా అనుకునేవాళ్లకు: 2025 జూలైలో శుభాంశు శుక్లా ఐఎస్ఎస్ నుంచి హామ్ రేడియోలోనే మన విద్యార్థులతో మాట్లాడారు.

ఆఖరి షాటు అర్ధరాత్రి కుదరదు. స్టేషన్‌కి సొంత వెలుగు లేదు, ఎండ పడితేనే మెరుస్తుంది. విజయవాడ అక్షాంశంలో అర్ధరాత్రి అది ఏడాదిలో ఏ రోజూ ఎండలో ఉండదు. 7:03 పాస్ అందుకు సరిగ్గా సరిపోతుంది. కింద చీకటి, పైన ఇంకా ఎండ. సత్యనారాయణపురం నుంచి ఇంద్రకీలాద్రి పడమర వైపే కాబట్టి మీరు కోరుకున్న ఫ్రేము కూడా దొరుకుతుంది. చుక్క నైరుతిలో పైకొచ్చి, మిణుకు లేకుండా, చప్పుడు లేకుండా, కొండ పైగా ఉత్తరం వైపు సాగుతుంది. విమానంలా ఎర్ర దీపం పెట్టకండి. దిగంతం చేరకముందే అది భూమి నీడలోకి వెళ్లి, కొన్ని సెకన్లలో ఎర్రబారి ఆరిపోతుంది. డాబా మీద తల్లి గుండె మీద చేయి వేసుకుంటుంది. తండ్రి 145.795కి దించుతాడు. చుక్క లేని ఆకాశం వైపు యాంటెన్నా పట్టుకునే ఉంటాడు, రేడియోలో కూతురు గొంతు ఇంకా వస్తూనే ఉంటుంది.